ఆది గౌను

ఆగస్టు 9

అక్కకి,

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుకోకు. నీ ఫోను పొద్దస్తమానం మా మిరియం చేతిలోనే ఉంటుంది కదా, క్లాసులని. నేను చేస్తే అదే ఎత్తుతుంది, మెసేజ్ పెడితే నీకంటే ముందు అదే చదువుతుంది. ఈ సంగతి మనిద్దరం తేల్చుకున్నాక దానికి చెబుదామని కాగితం పట్టాను.

బడులు తెరుస్తున్నారు. వచ్చే నెల మధ్య నుంచి ఆరో తరగతి, ఆ పై వాళ్లకి. బెంచికి ఒక్కరే కూర్చోవాలి, సగం మంది ఒకరోజు, మిగతా సగం మరుసటి రోజు. పిల్లని పంపడం మాకు సమ్మతమేనని సంతకం అడిగారు. పెట్టేశాను. ల్యాబులో పొద్దున్న వెళ్లింది మొదలు జనం ముక్కుల్లోంచి తీసిన పుల్లలతోనే నా కాపురం. ఈ మధ్య చాలామందికి మంచి కబురే చెబుతున్నాం, అయినా భయం వదలదు. వీధిలో ఎవరైనా దగ్గితే ఇప్పటికీ కాళ్లు వాటంతట అవే పక్కకి జరుగుతాయి.

పదిరోజులు ఉంచుకో అక్కా అని దాన్ని నీ దగ్గర దింపాను. అప్పుడు దాని సంచిలో నాలుగో తరగతి పుస్తకాలు. ఇప్పుడు ఆరు. ఐదో తరగతి మొత్తం నీ కుట్టుమిషను పక్కనే అయిపోయింది.

బడివాళ్లు యూనిఫాం మార్చారు. గుడ్డ వాళ్లు చెప్పిన దుకాణంలోనే దొరుకుతుంది, అక్కడే కుట్టించాలట. బడి యూనిఫాంలే బతుకుగా ఉన్న నిన్ను పెట్టుకుని ఇంకొకడి చేత కుట్టించడం నాకు బాగోలేదు గానీ ఏం చేయను. పిల్లని కొలవకూడదు కాబట్టి, ఆ దర్జీ కొలత చూసుకోవడానికి ఆదిగా ఒక గౌను తెమ్మన్నాడు. మిరియానికి ఇప్పుడు సరిగ్గా పట్టే గౌను ఒకటి పంపు. బావని అడిగానని చెప్పు.

నీ చిన్నది


ఆగస్టు 16

చిన్నదానా,

ఉత్తరం అందింది. పోస్టు మనిషి దుకాణం గడప దగ్గరే ఆగి, దూరం నుంచి నా బల్ల మీదికి విసిరాడు. అది పోయి సుద్దముక్కల డబ్బాలో పడింది. చదివేసరికి నీ అక్షరాలన్నీ తెల్లగా అయిపోయాయి.

మమ్మల్నీ దుకాణం తెరుచుకోమన్నారు. తెరుచుకోమన్నారంటే సగం షట్టరే. లోపల ఒక్క మనిషి, బయట గీసిన గుండ్రాల్లో మిగతావాళ్లు. మీ బావ సుద్దతో అంత శ్రద్ధగా గీశారా, మొదటి రోజు ఒక్క మనిషీ వాటిలో నిలబడలేదు. ఒక కుక్క మాత్రం వచ్చి సరిగ్గా మధ్యలో పడుకుంది. ఆయన చేతిలో శానిటైజరు మందు సీసా పట్టుకుని, వచ్చిన ప్రతివాళ్ల చేతుల మీదా మొక్కలకి నీళ్లు చల్లినట్టు చల్లుతున్నారు. టేపు మాత్రం వాడకూడదు. మనిషిని తాకకూడదట! ఇన్నేళ్లు టేపు మెళ్లో వేసుకుని తిరిగిన దాన్ని, ఇప్పుడు అందరినీ ఆది తెమ్మని బతిమాలుకుంటున్నాను. ఒకావిడ పెళ్లినాటి జాకెట్టు తెచ్చింది. అది ఆవిడదేనని నమ్మడానికి నాకు చాలాసేపు పట్టింది.

బడులు మూసేశాక నా పని ఏమైందో నీకు తెలుసు. కత్తిరించి పెట్టిన చొక్కాలు అలమారులోనే ఉన్నాయి. ఆ పిల్లలందరూ ఈపాటికి వాటిలోంచి బయటికి పెరిగిపోయి ఉంటారు. మాస్కులు కుట్టి బతికాం. వాటికి తాళ్లు ఎక్కించిందంతా మన మిరియమే. క్లాసులో టీచరు మాట్లాడుతుంటే ఫోను గొంతు నొక్కేసి, తాళ్లు ఎక్కిస్తూ కూర్చుంటుంది. ప్రశ్న అడిగితే నెట్టు పోయిందంటుంది. అది ఎవరి పోలికో నేను చెప్పను.

తెరుస్తామంటారు, మళ్లీ మూస్తామంటారు. పోయినసారి తెరిచి ఎన్నాళ్లుంచారు? పిల్లని తీసుకెళ్లాక మళ్లీ మూస్తే, నువ్వు ల్యాబులో ఉంటావు, అది తాళం వేసిన ఇంట్లో ఉంటుంది. మరిదిగారు బతికి ఉంటే వేరే మాట. పైగా దానికి రెండు రోజులుగా కాస్త జలుబు. ఆది గౌను సంగతి నిదానంగా చూద్దాం.

మందు వాసనతో కళ్లు మండుతున్నాయి, ఆపుతున్నాను.

అక్క


ఆగస్టు 22

అక్కకి,

జలుబంటే ఎలాంటి జలుబు? వాసన తెలుస్తోందా? ఈ రెండు ముక్కలు ఫోనులో అడిగాను దాన్ని. "నాకేం జలుబు లేదమ్మా" అంది.

నిన్ను ఏమీ అనను. కానీ అక్కా, కిందటి చలికాలం బస్సులు నడిచిన నాలుగు వారాల్లో నేను రాలేదు. సెలవు ఇస్తామన్నారు కూడా. నా ఒంటి మీద ఏం మోసుకొస్తానోనని భయపడి, ఇంకో నెల చూద్దాంలే అనుకున్నాను. ఆ నెల మళ్లీ అన్నీ మూసేశారు. నిదానంగా చూద్దామన్నందుకు నాకు దక్కింది అదీ. ఇక నిదానం నావల్ల కాదు.

దర్జీ వచ్చే నెల మొదటి రోజుల్లో ఇస్తేనే కుడతానంటున్నాడు. ఆది పంపు.

చిన్నది


ఆగస్టు 28

చిన్నదానా,

పంపాను. వంట గట్టు మీద కూర్చుని దానికి చెప్పేశాను కూడా, నీకు చెప్పే అవకాశం ఇవ్వలేదని తిట్టుకో. బడి తెరుస్తున్నారే, అమ్మ దగ్గరికి వెళ్లాలి అన్నాను. చేతిలో ఉన్న మాస్కుకి రెండు తాళ్లూ ఎక్కించేసింది. తర్వాత "అమ్మకి నా కొలత తెలుసా?" అని అడిగింది. తెలియకే కదా ఆది అడిగింది అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.

గౌను నేనే ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టాను. ఈలోపు ఒక బేరం వస్తే ముందున్న దుకాణంలోకి వెళ్లాను. సంచిలో పెట్టి మూతి కుట్టింది మిరియమే. కుట్టు చూడు, పెద్దవాళ్ల కుట్టులా ఉంటుంది. గుండీలు, కాజాలు కూడా నేర్చింది. అక్కడికొచ్చాక నీ ఇంట్లో తలగడ గలీబులన్నిటికీ గుండీలు కుట్టేస్తుంది. ముందే చెబుతున్నాను, దాక్కో.

జలుబు విషయంలో నేను అబద్ధమాడాను. ఎందుకాడానో నీకు తెలుసు, నన్ను అడగకు.

అక్క


సెప్టెంబరు 5

అక్కకి,

పార్సిలు విప్పి ఆ గౌను ముఖానికి ఆనించుకుని కూర్చుండిపోయాను. మీ ఇంటి సబ్బు వాసన. దాన్ని దర్జీ చేతిలో పెట్టడానికి రెండు రోజులు మనసొప్పలేదు.

ఎంత చిన్నగా ఉందో! ఏమీ ఎదగనే లేదు నా తల్లి. నువ్వసలు తిండి పెడుతున్నావా, కబుర్లు చెప్పి పడుకోబెడుతున్నావా? ఏమైతేనేం, నేను వదిలినట్టే ఉంది. నేను లేకుండా పెరిగిపోయి ఉంటుందని ఎంత దిగులుపడ్డానో నీకు తెలియదు.

దర్జీ కూడా చూసి "ఆరో తరగతికి ఇదేనా అమ్మా" అన్నాడు. పొట్టి పిల్ల లెండి, మా వంశమే అంత అన్నాను. యూనిఫాం రెండు జతలు తయారైపోయాయి. తలుపు వెనక కొక్కేనికి తగిలించాను. ల్యాబు నుంచి రాగానే వాటినే చూస్తున్నాను.

బావని ఎప్పుడు పంపుతావు?

నీ చిన్నది


సెప్టెంబరు 10

చిన్నదానికి,

మీ బావ పదమూడో తేదీ పొద్దున బస్సుకి మిరియాన్ని తీసుకుని బయల్దేరుతారు. టిక్కెట్టు అయింది.

పిల్లకి తిండి పెట్టానో లేదో దాన్నే అడిగి తెలుసుకో. పని లేక, మేం ఇద్దరం సర్దుకున్న రోజుల్లో కూడా దాని కంచంలో లోటు రానివ్వలేదు. నువ్వు సరదాకే అన్నావని మీ బావ అంటున్నారు. కావచ్చు. చదివిన నాకు సరదాగా లేదు.

నేను రావడం లేదు. ఇక్కడి బడి వాళ్లు కూడా యూనిఫాంలకి కబురు పెట్టారు, చేతినిండా పని ఉంది. ఇంకో సంగతి, నిన్నటి నుంచి షట్టరు పూర్తిగా ఎత్తుకోవచ్చన్నారు. టేపు కూడా వాడుకోవచ్చు. సంతోషించాల్సిన రోజే.

అక్క


సెప్టెంబరు 18

అక్కకి,

కడుపు మండి రాస్తున్నాను, తప్పు పట్టినా సరే.

ఇవాళ బడి తెరిచారు. పొద్దున అది స్నానం చేసి వచ్చాక, ఈ రోజుకని ముట్టుకోకుండా ఉంచిన యూనిఫాం తొడగబోతే భుజాలు దాటలేదు. లాగితే చంక దగ్గర పటుక్కుమంది. రెండో జతా అంతే. లంగా మోకాళ్లకి జానెడు పైకి ఉంది. పిల్ల చేతులు పైకెత్తి, ముఖం గుడ్డలో ఇరుక్కుపోయి, ఊపిరాడక నిలబడింది. మెల్లగా తీసేసరికి కళ్లనిండా నీళ్లు. మూసిన బడి తెరిచిన మొదటి రోజున, తరగతిలో అందరూ ఒకే రంగులో ఉంటే, మన పిల్ల ఒక్కతే పూలగౌనులో వెళ్లింది. గేటు దగ్గర ఒంట్లో వేడి చూసే మనిషి "కొత్తగా చేరావా?" అని అడిగాడు దాన్ని. ఆ బడిలో ఒకటో తరగతి నుంచి ఉన్న పిల్లని!

మనిషిని చూసి అంగుళం తేడా లేకుండా కొలత చెప్పే దానివి నువ్వు. మా పెళ్లిలో నా జాకెట్టు కళ్లతో కొలిచి కుట్టావు. అలాంటిది, రోజూ కళ్లముందు తిరిగే పిల్లకి ఇంత పొట్టి గౌను ఆదికి పంపావంటే పొరపాటున పంపావని నన్ను నమ్మమంటావా? జలుబన్నావు, నిదానమన్నావు, అదీ కాకపోతే ఇది. ఇచ్చే మనసు లేకపోతే లేదని చెప్పాల్సింది. దాన్ని నలుగురిలో అలా నిలబెట్టక్కర్లేదు.

ఆ పిల్ల నా దగ్గర చుట్టంలా ఉంది. మంచినీళ్లు తాగనా అని అడిగి తాగుతోంది. నేను దగ్గరికి వెళ్తే గోడకి ఆనుకుంటుంది. ఏం నేర్పి పంపావక్కా?

చిన్నది


సెప్టెంబరు 24

చిన్నదానికి,

నీ ఉత్తరం మీ బావ చదివి నాకివ్వకుండా దాచారు. దొరికింది.

నిన్న కటింగు బల్ల కింద పీలికల పెట్టె ఖాళీ చేశాను. తలగడల్లో కూరడానికని. అడుగున నీలం గౌను ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి, నేను పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. నీకు ఆదికని నేను తీసి పెట్టిన గౌను అదే, చిన్నదానా. పోయిన నెల కుట్టాను దానికి, సరిగ్గా ఒంటి కొలతకి. అది నా దగ్గరే ఉంటే మరి నీకు వచ్చిందేమిటి? సంచి మూతి కుట్టింది ఎవరో రాశాను కదా. నన్ను కాదు, దాన్ని అడుగు. గట్టిగా అడగకు.

పిల్లని ఉంచుకోవాలని నాకు లేదని చెబితే నవ్వుతావు. ఉంది. మొదటి ఉత్తరానికి ఆది పంపనిది అందుకే. ఆ మాట నేను ఒప్పుకుంటాను. కానీ కత్తెర పట్టిన దాన్ని, తప్పు కొలత పంపుతానా? ఎవరికైనా పంపుతానా, మన మిరియానికి పంపుతానా? ఈ ఒక్క మాట నువ్వు అనకుండా ఉండాల్సింది.

నేను నేర్పి పంపానంటావు. తాకొద్దు, దూరం ఉండు, చేతులు కడుగు అని ఫోనులో రోజూ చెప్పింది ఎవరు? నువ్వే కదా. నువ్వు చెప్పినట్టే వింటోంది.

అది బయల్దేరిన రోజు నేను బస్సు దాకా కూడా వెళ్లలేదు. సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుని కూర్చున్నాను. అది గడపలో నిలబడి "పెద్దమ్మా, వెళ్తున్నా" అంది. ఊఁ అన్నాను. అంతే అన్నాను. తల ఎత్తితే పంపలేనని. అది ఏమనుకుందో ఏమో. ఆ రోజంతా ఆ సూదిలోకి దారం ఎక్కలేదు.

అక్క


సెప్టెంబరు 30

అక్కా,

అడిగాను. నువ్వు చెప్పినట్టు గట్టిగా కాదు. అది బీరువా పిడికి దారం చుట్టుకుంటూ ఉంటే పక్కన కూర్చుని అడిగాను. మార్చింది తనేనని వెంటనే ఒప్పుకుంది. వెళ్లడం ఇష్టం లేకనా అన్నాను. కాదంది.

"నువ్వు నన్ను చివరిసారి చూసింది ఆ గౌనులోనే కదమ్మా. పెద్ద గౌను పంపితే ఎవరిదో అనుకుంటావని," అంది.

ఇదక్కా సంగతి. నాకోసమే పంపింది. తన అమ్మకి తను గుర్తుండాలని.

ఆ గౌను నేనే కొన్నాను. పెరిగినా పనికొస్తుందని వదులుగా చూసి కొన్నాను. అందుకే ఇంకా సరిపోతోందని మురిసిపోయాను. ఫోనులో రోజూ చూస్తూనే ఉన్నా కదా, ముఖమే కనిపిస్తుంది, ఎత్తు కనిపించదు. కన్నతల్లిని, దాని భుజాలెంతో నాకు తెలియదు. దర్జీ అడిగితే వంశం మీదకి నెట్టాను.

నీకు రాయని మాట ఇంకొకటి ఉంది. బస్సు దిగిన రోజు బావ కనిపించారు. పక్కన మాస్కు పెట్టుకుని పొడుగ్గా ఒక అమ్మాయి. ఎవరో దారిలో తోడొచ్చారనుకుని, "మిరియం ఏది బావా?" అని అడిగాను. అది నా ఎదురుగానే ఉంది. బావ ఏదో నవ్వు నవ్వి కప్పేశారు, నీకు కూడా చెప్పినట్టు లేదు. అది మాత్రం విన్నది. దేనికి భయపడి ఆ గౌను పెట్టిందో, సరిగ్గా అదే చేశాను నేను. ఆ తర్వాత తప్పంతా తెచ్చి నీ నెత్తిన పెట్టాను. ఎన్ని మాటలన్నానో నిన్ను. వెనక్కి తీసుకోవాలనుంది గానీ, కాగితం మీద పెట్టి పంపేశాను కదా.

యూనిఫాం మళ్లీ కుట్టించాలి. దర్జీ ఇప్పుడు టేపు పట్టుకోవచ్చట. కానీ దుకాణానికి వెళ్దామంటే అది రానంటోంది, అక్కడికి బడి పిల్లలందరూ వస్తారని, మొదటి రోజే పరువు పోయిందని. ఇంట్లోనే కొలత తీసుకెళ్తే కుడతానన్నాడు. నాకు టేపు పట్టడం రాదు. ల్యాబులో ఏ చుక్క అయినా కొలుస్తాను, పిల్లని కొలవడం చేతకాదు. చెయ్యి వేస్తే బిగుసుకుపోతుంది. నేనూ అంతే. చేతులు కడుక్కున్నానా అని సగం దూరంలోనే ఆగిపోతాను. రోజు మొత్తం మీద అది బడికి వెళ్లేటప్పుడు సంచి అందించడానికే మా ఇద్దరి చేతులూ తగులుతాయి.

ఎలా కొలవాలో రాసి పంపు. కోపముంటే కోపంతోనే రాయి.

నీ చిన్నది


అక్టోబరు 6

చిన్నదానా,

కోపం ఉంది. పోయాక చెబుతాలే.

ఈ కవరులో చుట్టి పెట్టింది నా టేపు. మొదటి అంగుళం దగ్గర కాస్త అరిగింది, అంకె కనిపించకపోతే గాభరా పడకు. బడులు తెరిచారని ఇక్కడ పిల్లలు వరస కట్టారు, మీ బావ టేపు తీసుకుని కానిస్తున్నాను. ఒక్కొక్కళ్లూ నా భుజం దాకా వచ్చేశారు. చిన్నప్పుడు గిలిగింతలని మెలికలు తిరిగినవాళ్లు ఇప్పుడు సిగ్గుపడి పక్కకి చూస్తున్నారు. మధ్యలో ఒక కొలత నేను తీయకుండానే వాళ్లకి దాటిపోయింది. దానికేం చేస్తాం.

సరే, విను. ముందు నువ్వు కుర్చీలో కూర్చో. నిలబడి కొలిస్తే పిల్లకి నువ్వు పోలీసులా కనిపిస్తావు. దాన్ని ఎదురుగా నిలబెట్టు. భుజం నుంచి భుజానికి వెనక వైపు, మెడ కింద ఎముక మీదుగా. చెయ్యి పొడవు మోచెయ్యి కాస్త వంచి చూడాలి, లేకపోతే రాసేటప్పుడు చొక్కా లాగేస్తుంది. మన మిరియం ఎడమ భుజం కొంచెం కిందికి ఉంటుంది, ఫోను పట్టుకుని పట్టుకుని. దర్జీకి చెప్పు. లంగా అంచులో నాలుగు వేళ్ల మడత లోపలికి పెట్టమను. ఏటా కొంచెం విప్పుకోవచ్చు. విప్పడం దానికి వచ్చు, నువ్వు ముట్టుకోకు, పాడుచేస్తావు.

చివరికి ఛాతీ కొలత. అది ఎదురుగా నిలబడి ఉండగానే టేపు దాని వీపు వెనక నుంచి తేవాలి. అంటే నీ రెండు చేతులూ దాని చుట్టూ తిరిగి వెళ్లాలి. వేరే దారి లేదు, ఏ దర్జీ అయినా అలాగే చేస్తాడు, కాబట్టి అది కాదనదు. ఊపిరి బిగపడుతుంది. వదలమని చెప్పు. వదిలేదాకా ఆగు. నీకు కూడా చేతులు కడుక్కున్నానా అన్న ఆలోచన వస్తుంది. కడుక్కునే కూర్చో.

ఇక్కడున్నప్పుడు ప్రతి నెలా కొలిచేదాన్ని దాన్ని, గౌను కుట్టేది ఉన్నా లేకపోయినా. దానికి తెలుసు. ఏమీ అనేది కాదు, వచ్చి నిలబడేది.

టేపు రెండు కొసలూ ముందుకొచ్చి కలుస్తాయి. అంకె చదవడానికి తొందరపడకు.

మీ అక్క